పులుసులో కొత్తిమీర

నాకు అనుమానం ఎక్కువ. బజారులో కొత్తిమీర కొన్నా కట్ట విప్పి వేళ్లు వాసన చూడందే సంచిలో వెయ్యను. దుకాణాల వాళ్లు నన్ను చూడగానే మొహం చిట్లించేవాళ్లు. చిట్లించుకోనీ, నాకేం!

కరోనా సద్దుమణిగాక ఫుజైరా అనే అరబ్బు రేవు నుంచి తిరిగే ఒక చిన్న బోటులో వంటవాడిగా చేరాను. పొరుగు దేశంలో జనం రెండుగా చీలి కొట్టుకు చస్తున్నారు. అక్కడి రేవుకు ఆయుధాలు చేరకుండా ఇక్కడి ప్రభుత్వం వాళ్లు సముద్రంలో కాపలా పెట్టి, ఆ పనికి మా బోటును అద్దెకు తీసుకున్నారు. ఎదురైన ప్రతి లాంచీనీ ఆపి సోదా చెయ్యాలి. నాకు హిందీ వచ్చని, లాంచీల వాళ్లతో మాట్లాడ్డానికి కాపలా ఆఫీసరు నన్నూ వెంట ఎక్కించేవాడు. ఆ రేవును తాకినట్టు తేలితే లాంచీ జప్తు, అందులోవాళ్లంతా జైలుకే.

ఒక మధ్యాహ్నం ఒక చెక్క లాంచీని ఆపాం. ఇండియాలో బయల్దేరి పది రోజులైందని, మధ్యలో ఎక్కడా ఆగలేదని దాని కెప్టెన్ చెప్పాడు. ఆఫీసరు కింద ఉల్లిపాయల బస్తాలు చూస్తుంటే నేను వంటగదిలోకి దూరాను. మామిడికాయ వేసిన చేపల పులుసు, అచ్చం మా నెల్లూరు వాసన. ప్రాణం లేచొచ్చి మూత తీశాను. పైన నిగనిగలాడే కొత్తిమీర. మా బోటులోనే పచ్చి ఆకు అయిపోయి వారమైంది. ఫ్రిజ్ కూడా లేని లాంచీలో పది రోజుల కొత్తిమీరా? ఎవరి చెవిలో పూలు పెడతారు?

“ఇదేడదిరా?” అని తెలుగులోనే నోరు జారాను. అక్కడి వంటవాడు ఉలిక్కిపడి, నన్ను వెనక్కి తీసుకెళ్లి, కోసిన నూనె డబ్బాలో మొలిచిన కొత్తిమీర చూపించాడు. ఒక్క కాడా తుంచిన జాడ లేదు, పులుసులోది వేరే ఎక్కడో కొన్నదే.

“నిన్న ఆ రేవులో ఏం దింపారు?” అన్నాను.

“పాలపొడి. చెప్పబాకన్నా, బిడ్డలుండారు.” నా మొహం చూడకుండానే అన్నాడు.

ఆఫీసరు పైకొచ్చి వంటగదిలో ఏముందని అడిగాడు. చేపల పులుసు సార్, కొత్తిమీర డబ్బాలో పెంచుకుంటున్నారు అన్నాను. ఆయన నవ్వి లాంచీని వదిలేశాడు.

దిగేటప్పుడు వంటవాడు నా చేతిలో ఒక కాగితం పొట్లం కుక్కాడు. మా బోటు వంటగదిలో విప్పితే కొత్తిమీర కట్ట. అలవాటుగా వేళ్లు వాసన చూశాను. మట్టి ఇంకా తడిగానే ఉంది.

పాలపొడే అయ్యుంటుందని నాకు నేను చెప్పుకున్నాను, కానీ నమ్మలేకపోయాను. పారేయడానికి చేతులు రాక ఆ సాయంత్రం కొత్తిమీర పప్పులో వేశాను. ఆఫీసరు ఇష్టంగా తింటూ తింటూ ఆగి, ఒక ఆకు వేళ్లతో పైకెత్తి చూశాడు.

“ఇంత తాజా కొత్తిమీర మనకెక్కడిది?” అని అడిగాడు.

చూపించడానికి నా దగ్గర డబ్బా కూడా లేదు.