గాలిని నమ్మిన మునివెంకటప్ప

మునివెంకటప్ప మొండోడు. ఈ మాట ఆయన మొహం మీదే చెప్పొచ్చు, నవ్వుతాడు. కేజీఎఫ్‌లో ఇరవై ఏడేండ్లు బంగారు గనుల్లో, భూమి లోపల దూలాలు నిలబెట్టి, నెత్తిన రాయి కూలకుండా కాసిన మనిషి. రెండువేల ఒకటిలో మైన్స్ మూసేసినాక అందరి మాదిరే తెల్లారుజామున రైలెక్కి బెంగళూరుకు పోయి, ఒక లాడ్జీలో వాచ్‌మన్‌గా చేరినాడు. ఆడికి దేశదేశాల పిల్లకాయలు వీపున సంచులు తగిలించుకొని వస్తా ఉండిరి. రేపు యాడ పండుకుంటారో వాళ్ళకే తెలీదు. అయినా మొహాల్లో ఏం సంతోషం! పద్నాలుగేండ్లు వాళ్ళకు తలుపు తీసీ తీసీ, అరవై దాటినాక ఈయనకూ ఆ పిచ్చి పట్టింది.

భార్య పిల్లమ్మ మాలూరు గార్మెంట్స్‌లో కుట్టుపని చేసి అప్పుడే మానుకునింది. "ఏమప్పా, తిరుపతికి పోదాం రమ్మంటే మోకాళ్ళ నొప్పంటావు. సముద్రాలు దాటేదానికి లేదా నొప్పి?" అనింది. అనిందే గానీ ఇద్దరి సంచులూ తనే సర్దింది.

అట్లా పోయి ఇండోనేసియాలో మకస్సర్ అనే రేవుపట్నంలో తేలినారు. ఆడినుంచి ఇంకో దీవికి ఓడ. పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరుతుంది. మునివెంకటప్ప ఐదు గంటలకే పెండ్లాన్ని రేవు గేటుకాడికి లాక్కొచ్చినాడు. వచ్చినోడు ఊరికే కూర్చుంటాడా?

"మే పిల్లమ్మా, నువ్వు ఈడే ఉండు. నేను ఊరు ఒక రౌండు చూసొస్తా."

"టికెట్లు ఇచ్చి పో."

"యాడికి పోతాను? అర్ధగంటలో వస్తా."

టికెట్లు, ఇద్దరి పాస్‌పోర్టులు ఆయన నడుముకు కట్టిన తిత్తిలో ఉన్నాయి. ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోనూ ఆమె సంచిలో ఉంది. ఆమెకు తెలుగు, కన్నడం, తమిళం వస్తాయి. ఆ ఊళ్ళో ఆ మూడూ ఒక్కరికీ రావు. ఇంత తెలిసీ కదిలినాడు చూడండి, మహానుభావుడు!

సందులో సందు, ఆ సందులో ఇంకో సందు. యాడో చేపలు ఎండేసినారు, యాడో లవంగాల మూటలు దించుతా ఉన్నారు. చూసుకుంటా పోయి పోయి, ఆరున్నరకు తిరగబోతే వచ్చిన దారి కనపడలేదు. అన్ని గోడలూ ఒకే పచ్చ రంగు. మబ్బు కమ్మి సూర్యుడూ లేడు. అయినా మునివెంకటప్ప భయపడలేదు. మైన్స్‌లో దీపం ఆరిపోతే ఏం చేస్తారు? నిలబడి, గాలి ఏ పక్క నుంచి మొహానికి తగులుతా ఉందో చూసుకొని, దానికి ఎదురుగా నడుస్తారు. పైనుంచి మంచిగాలి దిగేది మనుషులు ఎక్కీ దిగే నిలువు బావి, షాఫ్టులోనే గదా, గాలికి ఎదురుపోతే షాఫ్టు వచ్చి తీరుతుంది. ఇరవై ఏడేండ్లలో ఒక్కసారీ తప్పలేదు.

కండ్లు మూసుకొని నిలబడినాడు. చల్లటి గాలి మొహాన కొట్టింది. "ఇంగేమి, సముద్రం ఈ పక్కనే ఉండాది" అనుకొని జోరుగా నడిచినాడు.

అర్ధగంటకు నీళ్ళు కనపడలేదు. ముప్పావు గంటకు చేపల వాసన పోయింది. కాళ్ళకింద ఏదో తప్పుతా ఉందని మనసు చెప్తానే ఉంది, మొండితనం వినలేదు. ఏడున్నరకు ఇండ్లు పలచబడి, సముద్రం రావలసిన చోట వరిమడి వచ్చింది.

మైన్స్‌లో గాలి ఏండ్లకేండ్లు ఒకే దిక్కు. సముద్రం ఒడ్డున అట్లా కాదు, పగలు నీళ్ళ మీదినుంచి వీస్తుంది, తెల్లారుజామున నేలమీదినుంచి నీళ్ళ మీదికి పోతుంది. రేవులో పుట్టిన పసిబిడ్డకు తెలిసిన సంగతి. కోలారు జిల్లాలో పుట్టి భూమి లోపల బతికినోడికి ఎవరు చెప్పినారు? గంట సేపు పెండ్లానికి వీపు పెట్టి నడిచినాడు.

మడి గట్టుకాడ ఒకాయన స్కూటర్ మీద ఆకుకూర కట్టలు కడతా ఉన్నాడు. మునివెంకటప్ప పరుగెత్తి ఆయన చేతులు పట్టుకున్నాడు. ఏమని అడగాల? తిత్తిలోనుంచి టికెట్టు తీసి చూపించి, "భోం... భోం..." అని నోటితోనే ఓడ కూత కూసినాడు. ఆయన నవ్వబోయి, ఈయన కండ్లలో నీళ్ళు చూసి ఊరకుండిపోయినాడు. సగం కట్టలు కింద దించేసి, వెనక సీటు తట్టి చూపించినాడు.

రేవు చేరేసరికి ఓడ ఇంకా ఉంది. గేటుకాడ పిల్లమ్మ లేదు.

"పిల్లమ్మా! మే పిల్లమ్మా!" జనమంతా తిరిగి చూసినారు. గేటు కాపలాదారు ఈయన్ను గుర్తుపట్టి, వేళ్ళతో ఒక మనిషి నడిచినట్టు చూపించి, ఊరి వైపు చెయ్యి ఎత్తినాడు. వెతుక్కుంటా పోయింది! వెంటనే పరుగెత్తబోయినాడు మునివెంకటప్ప. కాపలాదారు రెక్క పట్టుకొని ఆపి, ఈడే ఉండమన్నట్టు నేలమీదికి వేలు చూపించినాడు. నిజమే. ఈయన పోతే ఆమె వస్తుంది, ఆమె పోతే ఈయన వస్తాడు. ఓడ కూత వేసి, తాళ్ళు విప్పుకొని, వీళ్ళ టికెట్లు ఈయన చేతిలో ఉండగానే కదిలిపోయింది. ఈయన దాని వైపు చూడను కూడా లేదు.

కూర్చున్నాడు, లేచినాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఎర్రబట్ట కనపడితే పిల్లమ్మ చీరేననుకున్నాడు, ఆమె కాదు. సందులో స్కూటర్ గట్టిగా బ్రేకు వేస్తే, ఆమెకేమన్నా తగిలిందేమోనని లేచి చూసినాడు. అప్పుడు మనసులోకి ఒక మాట వచ్చి పడింది. ఎనభై మూడులో లోపల రాయి పేలి దారి మూసుకుపోయినప్పుడు ఈయన రెండు దినాలు కింద చిక్కుకున్నాడు. బయటికి వచ్చినాక ఆ కథ వందసార్లు చెప్పినాడు, చీకటి గురించి, దప్పిక గురించి. పైన మైన్స్ గేటుకాడ ఆ రెండు దినాలు ఎట్లా గడిచినాయని పిల్లమ్మను ఒక్కసారన్నా అడగలేదు.

తొమ్మిదిన్నరకు వచ్చింది ఆమె, రెండు సంచులూ మోసుకొని. చెమటతో తడిసిపోయింది గానీ దారి తప్పలేదు. పోయేటప్పుడు సముద్రాన్ని ఎడమచేతికి పెట్టుకునింది, వచ్చేటప్పుడు కుడిచేతికి.

మునివెంకటప్ప ఎదురుపోయి ఆమె భుజాలు పట్టుకున్నాడు. ఆ వయసులో, అంతమందిలో, వెక్కి వెక్కి ఏడ్చినాడు. "ఒక గంట మే... ఒక గంట నీకోసరం చూసి చచ్చిపోయినాను."

పిల్లమ్మ కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"ఒక గంటకేనా?" అనింది.

ఆయన రెండు సంచులూ ఆమె భుజం మీదినుంచి తీసి తన వీపున వేసుకున్నాడు.