పేరు చివరి అమ్మ

అనపకాయలు ఒలిచిన చేతికి ఒక వాసన అంటుకుంటుంది. పచ్చిగా, కాస్త జిడ్డుగా ఉండే ఆ వాసన సబ్బుతో ఎంత రుద్దినా సాయంత్రం దాకా వదలదు. తమిళనాడు అంచున ఉన్న మా హోసూరు పక్క దాన్ని సొగడు అంటారు. మంచు బాగా కురిసిన ఏడు సొగడు ఎక్కువ. ఈ ఉదయం వాకిట్లో చాప వేసుకుని కాయలు ఒలుస్తూ చేతులు వాసన చూసుకుంటే కళ్ళ ముందుకొచ్చింది మా అవ్వ కాదు, అమ్మ కాదు, సెల్వి. ఇంకెవరూ దొరకనట్టు అదే రావడం నాకు ఒళ్ళు మండించింది.

మూకండపల్లి దగ్గర ఫ్యాక్టరీలు వరసగా లేస్తున్న రోజుల్లో సెల్వి వాళ్ళ నాన్న పని వెతుక్కుంటూ తిరుచ్చి పక్క నుంచి వచ్చి, ఒక బట్టల మూట, ఒక కిరసనాయిలు స్టవ్వు, భార్య, ముక్కు కారుతున్న నా ఈడు ఆడపిల్లతో మా ఇంటి వెనక గదిలో దిగాడు. మా నాయన్ను కన్న అవ్వ వాకిట్లో నిలబడి, "యా ఊరమ్మా మీది?" అని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే, "సంగటి తింటారా?" అంది. మా ఇంట్లో ఊరు అడిగేది ఏం వండిపెట్టాలో తెలుసుకోవడానికే.

పిల్ల పేరు చెబితే మాత్రం అవ్వ మొహం చిట్లించింది. "ఏందమ్మా, పేరు సగంలోనే నిలిపేసినారు? ఆడబిడ్డను అమ్మా అనకుండా ఎట్ల పిలిచేది?" అని ఆ పూటే సెల్విని సెల్వమ్మను చేసేసింది. మా పక్క అంతే. ఉయ్యాల్లో పాపకైనా, చీపుర్లు అమ్మవచ్చిన ఆమెకైనా పేరు చివర అమ్మ చేరుస్తారు, మగవాళ్ళకైతే అప్ప చేరుస్తారు. చేర్చలేదంటే మనసు విరిగిందని అర్థం.

చలికాలం వస్తే ఇంటినిండా అనపగింజలే. రాత్రి నానేసిన గింజల్ని పొద్దున్నే ఎండపొడలో కూర్చుని పితికేవాళ్ళం. బొటనవేలితో నొక్కితే తొక్క చేతిలో నిలిచి పప్పు చటుక్కున ఎగిరేది, సెల్వమ్మ గురిచూసి నా ముక్కు మీద కొట్టేది, నేను దాని చెవి మీద కొట్టేదాన్ని, అవ్వ "మీ ఆట మట్టిగొట్టుకుపోను!" అని తిడుతూనే పొయ్యి మీద వెల్లుల్లి, ధనియాలు నూరేసిన పితికిపప్పు పులుసు కలిపేది. వేడి సంగటిముద్దకు గుంట చేసి, పులుసు పోసి, నెయ్యి వేసి, ఇద్దరికీ ఒకే తట్టలో, అంటే ఒకే కంచంలో, పెట్టేది. మొదటిసారి సెల్వమ్మ సంగటిని అన్నంలా నమిలింది. అంగిలికి అతుక్కుని ఏడుపు! నమలకూడదే పిచ్చిదానా, పులుసులో అద్ది మింగాల అని నేర్పింది నేనే.

మా తట్టలో తింటూనే దానికి తెలుగు వచ్చేసింది. నాకు తమిళం వీధిలోనే వచ్చింది. బడిలో అందరి ముందు నిలబడి తమిళ ప్రార్థన పాడింది నేను. సెల్వమ్మకు రాగం తిరిగేది కాదు. సెలవులకు కుప్పంలో పెద్దమ్మ ఇంటికి పోతే అక్కడి పిల్లలు "అరవపిల్ల వచ్చిండాది" అని ఎగతాళి చేసేవాళ్ళు. ఏడుస్తూ తిరిగొచ్చిన నా కళ్ళు తన పావడాతో తుడిచి, "వాళ్ళ మొగం! నువ్వు మా ఊరిదానివిమ్మే" అంది సెల్వమ్మ. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళు బతికాను.

పోయిన నెల మా వీధి సంఘం ఎన్నికల్లో అధ్యక్షురాలిగా నిలబడ్డాను. పోటీకి సెల్వి మరిది నిలిచాడు, నిలవనీ. కానీ మీటింగులో సెల్వి లేచి, నా వైపు చూడకుండా తమిళంలో అంది: "పేరు చూడండి, రత్నమ్మ. చివర అమ్మ ఉంటేనే తెలియడం లేదా వందేరి అని? రేపు ఏటి నీళ్ళకు తగవొస్తే ఈమె మన పక్క నిలుస్తుందా, ఆంధ్రా పక్కా?"

వందేరి అంటే ఎక్కడినుంచో వచ్చి పడినవాళ్ళు. మా తాతల తాతలు రాళ్ళేరి చదును చేసిన చేలోనే ఇల్లు కట్టుకుని కాపురముంటూ ఆ మాట అంది. చప్పట్లు కూడా కొట్టారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమని అవ్వ అంటూండేది, ఇదే కాబోలు. నువ్వెప్పుడొచ్చినావే ఈ ఊరికి అని నోటిదాకా వచ్చింది. అడిగితే నేనూ అదే పాపం చేసినట్టవుతుందని సంగటిముద్దలా మింగేశాను. ఓడిపోయినందుకు కాదు, అవ్వ ప్రేమగా దాని పేరుకు ముడివేసిన అమ్మనే నా పేరులో తప్పుగా ఎత్తిచూపిందే, అందుకు ఏడ్చాను.

ఇందాక గేటు చప్పుడైంది. సెల్వి. "రత్నమ్మా, అది ఎలక్షన్లో అనిండే మాట. మనసులో పెట్టుకోవాకమ్మే. ఒలస్తా ఉండావా? జరుగు, నేనూ కూసుంటా." అచ్చం అవ్వ తెలుగు, ఆ సాగదీయడంతో సహా.

నేను లేచి చేతులు కడుక్కున్నాను. లోపలినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాను. "వాంగ, సెల్వి. ఉక్కారుంగ," అన్నాను. ఇంటికొచ్చిన పరాయివాళ్ళను రండి, కూర్చోండి అని తమిళంలో పిలిచే పిలుపు అది. మా ఇద్దరి మధ్య తమిళం దొర్లడం అదే మొదలు.

దాని మొహంలో రంగు పోయింది. కుర్చీ అంచున కూర్చున్నట్టే కూర్చుని, లేచి గేటు వేసుకుని వెళ్ళిపోయింది. నేను మళ్ళీ చాప మీద కూర్చున్నాను. సొగడు ఇంకా చేతులకు ఉంది. సెల్వమ్మ అనే మనిషే ఇప్పుడు మా వీధిలో లేదు.