గుండెను కూర్చోబెట్టిన రోజు

మా బావ గుండె లయ తప్పుతోందని మొదట కనిపెట్టింది మా అక్క. గ్యాస్ అని తేల్చింది నాచారం పార్కులో పొద్దున్నే నడిచే పెద్దమనుషులు. వాళ్ళలో ఇద్దరు ప్లాట్లు అమ్మేవాళ్ళు, ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు కాబట్టి వైద్యానికి లోటు లేదు. వాము నీళ్ళు తాగించారు.

దడ వచ్చి అరగంటలో పోయేది. దవాఖానాకు చేరేసరికి ఈసీజీ బుద్ధిగా ఉండేది. బావ వాళ్ళమ్మకు ఇలాగే దడ వచ్చి, పక్షవాతంతో మాట పడిపోయింది. అక్క భయమల్లా అదే.

ఉప్పల్‌లో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. గుండె కొందరికి ఉరుకుతుంది, కొందరికి మందగిస్తుంది. అప్పుడప్పుడు ఒక దెబ్బ ఎక్కువ పడటం చాలామందికి ఉండేదే. పై గదులు సరిగ్గా కొట్టుకోకుండా వణికితే మాత్రం అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చు. బీపీ, థైరాయిడ్, మందు తాగుడు, కారణం ఏదైనా కావచ్చు. ముందు దాన్ని పట్టుకోవాలంది. ఛాతీకి వైర్లు అంటించి, రోజంతా గుండెను రికార్డు చేసే చిన్న మిషన్ కట్టి, మామూలుగా తిరగమంది.

షుగర్ పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి అన్నం మానేసే జాతి మాది. బావ ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు. చాయ్ ముట్టలేదు. మెట్లు దిగలేదు. మేడిపల్లిలో దోస్తుల మందు సిట్టింగుకు పోలేదు. చాప మీద వెల్లకిలా పడుకుని ఓంకారం విన్నాడు. రిపోర్టు కడిగిన ముత్యంలా వచ్చింది. పార్కులో లడ్డూలు పంచాడు.

"సూసినవా బామ్మర్ది, ఏం లేదు!"

"మిషన్‌ను మోసం జేసినవు బావా. మస్తు తెలివి."

అక్క మళ్ళీ మిషన్ కట్టించింది. ఈసారి సెలవు నేను పెట్టాను. డ్యూటీకి దింపాను, నాలుగంతస్తులు ఎక్కించాను, చాయ్‌లు తాగనిచ్చాను. ఉప్పల్ చౌరస్తాలో ఆటోవాడి మీదికి ఎగబడుతుంటే అడ్డం పోలేదు. సిట్టింగుకు మాత్రం అక్క ఒప్పుకోలేదు.

దొరికింది. పై గదుల వణుకే. డాక్టరమ్మ రక్తం పలచబడే మాత్ర రాసి, తాగుడు మానమంది.

మాత్ర ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకుంటున్నాడు. పార్కులో మాత్రం చెప్పుకుంటున్నాడు: "పోయినసారి ఏం లేకుండె. మా బామ్మర్దే తిప్పి తిప్పి రోగం తెచ్చిండు." పెద్దమనుషులు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు.

అక్కకు చెప్పాను.

"అననియ్యిరా," అంది. "మాట సక్కగనే వస్తుంది గద."