గోడకు అవతల విత్తనాల గుమ్మి

రెండు వేల ఇరవై మూడు, వేసవి చివర. పర్ణశాల దాటి అడవి వైపు లోపలికి పోతే వచ్చే ఒక చిన్న గూడెం. గూడెం పేరు రాయను, ఆ ఇంటివాళ్ళను అడగలేదు కాబట్టి; మనుషుల పేర్లు కూడా మార్చాను. నాది తల్లాడ పక్క ఊరు. పెళ్ళయ్యాక భద్రాచలం వచ్చి పైపుల పనిలో పడ్డాను. ఇప్పటికీ అదే పని. చదువు ఆలస్యంగా వచ్చింది. నలభై దాటాక వయోజనుల బడిలో అక్షరాలు దిద్దుకున్నాను. వాక్యం ఎక్కడైనా వంకరపోతే సర్దుకోండి. పైపు మాత్రం వంకర పెట్టను.

ఆ రోజు పొద్దున ఆ గూడెం నుంచి కన్నయ్య ఫోన్ చేశాడు. వాళ్ళ గూడెంలో నీళ్ళ ట్యాంకు పని జరిగినప్పుడు నాతోపాటు కూలికి వచ్చాడు. అప్పటినుంచి నన్ను మామా అంటాడు.

“మామా, ఇంట్ల నల్లా కారుతాంది. ఎంత టేపు చుట్టినా ఆగుతలేదు. జల్దీ రావాలె.”

“ఎంత చుట్టినవ్?”

“ఉన్నదంతా.”

ఆ మాటతోనే నాకు సగం సంగతి అర్థమైంది.

టేపు అంటే టెఫ్లాన్ టేపు. తెల్లగా, పలుచగా ఉంటుంది, జిగురు ఉండదు. నల్లాకు చివర మరమేకుకు ఉన్నట్టు గాట్లు ఉంటాయి చూడండి, వాటిని మేం థ్రెడ్ అంటాం. ఆ థ్రెడ్ మీద ఈ టేపు చుట్టి, నల్లాను పైపులోకి తిప్పి బిగిస్తాం. మేం పనిలో చేరిన కొత్తలో జనపనార చుట్టి సఫేదా అనే తెల్లటి ముద్ద పూసేవాళ్ళం. చేతులు వారం రోజులు తెల్లగా ఉండేవి. టేపు వచ్చి ఆ బాధ తీసేసింది. కానీ జనం టేపే నీళ్ళను ఆపుతుందనుకుంటారు. ఆపదు. థ్రెడ్‌ను థ్రెడ్ పట్టుకోవడమే ఆపేది. ఆ రెండింటి మధ్య మిగిలిన సన్నసందును టేపు పూడుస్తుంది, అంతే. అందుకే నాలుగైదు చుట్లు చాలు. మందంగా చుడితే మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

ఇల్లు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. తడిక గోడలకు మట్టి మెత్తిన ఇల్లు. వాకిట్లో ప్రభుత్వం ఇచ్చిన నల్లా ఉంది. కన్నయ్య దాని నుంచి ప్లాస్టిక్ పైపు తీసుకుని, గోడ వెంట లోపలికి తెచ్చి, గిన్నెలు కడిగే మూలలో ఇత్తడి నల్లా పెట్టాడు. పని చూడటానికి బాగానే ఉంది. కానీ నల్లా మెడ దగ్గర తెల్లటి టేపు ముద్దగా బయటికి తోసుకొచ్చి, పసిపిల్ల తలకు కట్టిన గుడ్డలా ఉంది. నీరు నల్లా మూతిలోంచి కాదు, ఆ ముద్ద వెనక నుంచి గోడలోకి దిగుతోంది. గోడ నడుము ఎత్తు దాకా నల్లబడింది.

“ఇదేందిరా, నల్లాకు తలపాగా కట్టినవా?” అన్నాను.

“నవ్వకు మామా. రోజూ గట్టిగ బిగిస్తున్న. రోజూ ఎక్కువైతాంది.”

“దేంతో బిగించినవ్?”

పానాకు ఇనుప గొట్టం తొడిగి బిగించానని చూపించాడు. లారీ చక్రం బోల్టులకు చేసే పని అది.

వాకిట్లో పైపును అక్కడికక్కడ కోసి, చివరకు మూత వేశాను. దాన్ని ఎండ్ క్యాప్ అంటాం. కారడం ఆగింది. తర్వాత నల్లా విప్పి చూస్తే నేను అనుకున్నదే. నల్లా ఎక్కే మలుపు ముక్కను ఎల్బో అంటారు. లోపల ఇత్తడి థ్రెడ్ ఉన్న ఎల్బో వేయాల్సిన చోట, ఉత్త ప్లాస్టిక్‌ది వేశాడు. మందంగా చుట్టిన టేపు లోపలి నుంచి మేకులాగా నెట్టింది, పానా బయటి నుంచి తిప్పింది. ఎల్బో వెంట్రుక మందాన చీలింది. బిగించినకొద్దీ చీలిక పెరిగింది.

“రేపు ఎల్బో తెచ్చి మారుస్తే అయిపాయె. పొద్దు గూకేలోపు నీళ్ళు పట్టుకోవచ్చు,” అన్నాను. పని అయిపోయినట్టే సంచి సర్దబోయాను.

అప్పుడు గోడకు అవతలి నుంచి ఒక గొంతు వినిపించింది. “మేస్త్రీ, నీళ్ళు ఆగినయి సరే. ఈడికి రా.”

కన్నయ్య తల్లి జోగమ్మ. నా వయసే ఉంటుంది. అవతలి గదిలో అదే గోడను ఆనుకుని వెదురు గుమ్మి ఉంది. నడుము ఎత్తుంది, పేడ అలికి, మూత మీద మట్టి పెట్టి మూసి ఉంది. రాళ్ళ మీద నిలబెట్టారు గానీ వీపంతా తడిగోడకు తగులుతోంది. జోగమ్మ గుమ్మికీ గోడకూ మధ్య చెయ్యి దూర్చి తడుముతోంది.

“దీన్ల ఏముందక్కా?”

“విత్తనం.”

మామూలు వడ్లు కావు. కొండవాలు పొలంలో చల్లే పాత రకం. ఆమె అత్త చేతి నుంచి వచ్చింది. మిగతా ఇళ్ళవాళ్ళు అంగడి విత్తనానికి పోయాక ఆ రకం గూడెంలో ఈ గుమ్మిలోనే మిగిలింది. విత్తే ముందు భూమి పండగ చేస్తారు, ఇంటింటి నుంచీ పిడికెడు విత్తనం తెచ్చి గూడెం పెద్ద ముందు కలుపుతారు. పండగ ఇంకా రాలేదు.

నేను నా ధోరణిలో చెప్పేశాను. “తెరిచి చూడక్కా. తడిస్తే ఇప్పుడే ఎండలో పోయాలె. లేకుంటే మొలకలొస్తయి.”

“పండగ ముందు మూత తియ్యరాదు.”

“మూత తియ్యకుంటే మానె, గుమ్మిని పక్కకు జరుపు.”

“జరపరాదు. మా ఇంటి పద్ధతి.”

“పద్ధతి ఉంటది, విత్తనం పోతది. ఏం జేస్తవ్ అప్పుడు?”

కన్నయ్య నా మోచేయి గిల్లాడు. జోగమ్మకు కోపం రాలేదు. నన్ను ఎగాదిగా చూసింది.

“మేస్త్రీ, నీ పైపుకొక పద్ధతి లేదా? నా కొడుకు దాన్ని తప్పి చుట్టిండనే గద ఇంత గోల?”

నిజమే చెప్పింది.

ఆమె గుమ్మి పక్కన, అది గోడను ఆనే చోటి దగ్గర చెంప ఆనించింది. తడిసిన వడ్లు మొలకెత్తబోతుంటే వేడెక్కుతాయి. ఆ వేడి కోసం చూస్తోంది. “ఇంక చల్లగనే ఉంది. కానీ గోడ గిట్లనే ఉంటే రెండు దినాల్లో లోపలికి పోతది,” అంది. గోడ ఎప్పటికి ఆరుతుందని నన్ను అడిగింది. తడిక మీద మందంగా మెత్తిన మట్టి, అంత తడి పట్టింది, వారానికైనా ఆరదని చెప్పాను. దాచి చెప్పడం నాకు రాదు.

ఆమె గోడ మీద అరచేత్తో తట్టి చూసింది. తర్వాత కన్నయ్యను పిలిచింది. “గడ్డపలుగు తే. గుమ్మిని జరపొద్దు గని గోడను జరపొద్దని ఎవలు చెప్పిండ్రు?”

ఆమె చీర కొంగు నడుముకు దోపి, కడిగే మూల వైపు వచ్చి, తడిమట్టిని తనే పెళ్ళగించడం మొదలుపెట్టింది. “మెత్తింది నేనే. మల్ల నేనే మెత్తుకుంట.” కన్నయ్య, నేను కూడా చేతులు వేశాం. మట్టి ముద్దలు ముద్దలుగా రాలింది. లోపల వెదురు తడిక బయటపడింది. తడిక కన్నాల్లోంచి గుమ్మి వీపు కనిపించింది. వాకిట్లోంచి వచ్చే వేడిగాలి ఆ కన్నాల్లోంచి నేరుగా దాన్ని తాకుతోంది. ఇన్నేళ్ళ పనిలో పైపు కోసం గోడ పగలగొట్టాను గానీ, గాలి కోసం గోడ విప్పడం అదే మొదటిసారి.

మట్టి చేతులు కడుక్కున్నాక కన్నయ్యను కూర్చోబెట్టాను. “నువ్వు టేపు ఎట్ల చుట్టినవో చూపియ్.”

నల్లా ఎడమ చేత్తో పట్టుకుని, టేపును తన వైపుకు లాగుతూ చకచకా చుట్టేశాడు. ఒక్క ముడత లేదు. అంత శుభ్రంగా చుట్టడం నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో ఎవరికీ రాలేదు.

“ఎక్కడ నేర్చినవ్రా ఇది?”

“బాణానికి ఈక గిట్లనే కడతం. చిన్నప్పటి సంది.”

“అందుకే కారింది. బాణం తిరుగదు. నల్లా తిరుగుతది.”

థ్రెడ్‌ను ముఖం వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. అప్పుడు నల్లా తిప్పినకొద్దీ టేపు బిగుసుకుంటుంది. వాడు ఎదురు తిప్పి చుట్టాడు. బిగించినప్పుడల్లా టేపు విడిపోయి ముందుకు జరిగి ముద్దయింది. ముద్దను చూసి ఇంకా చుట్టాడు, ఇంకా బిగించాడు. చేతికి అలవాటైన పని కాబట్టి అనుమానం రాలేదు.

“అంటే నా చెయ్యి తప్పా?”

“చెయ్యి బంగారం. దిక్కే తప్పు.”

జోగమ్మ వెనక నుంచి అంది. “వాని పెండ్లాం గూడ గదే అంటది.” ఆ రోజు ఆ ఇంట్లో అందరం కలిసి నవ్వడం అదే మొదలు.

మర్నాడు భద్రాచలం నుంచి ఇత్తడి థ్రెడ్ ఉన్న ఎల్బో తెచ్చాను. నల్లాను ఆ గోడకు కాదు, వాకిటి వైపు గోడకు మార్చాం. టేపు కన్నయ్యే చుట్టాడు, నేను చూస్తూ కూర్చున్నాను. చేత్తో బిగిసినంత బిగించి, పానాతో కొంచెం తిప్పి ఆపాడు. ఒక్క చుక్క రాలేదు.

భూమి పండగకు నన్ను పిలిచారు. విప్పిన గోడ ఇంకా అలాగే ఉంది. జోగమ్మ మూత మీది మట్టి తీసింది. పై విత్తనాన్ని చాటలోకి తోడి, గోడ వైపు అడుగు దాకా చెయ్యి పోనిచ్చింది. భుజం దాకా లోపలే ఉంది. కన్నయ్య నేల చూస్తున్నాడు. ఆమె పిడికిలి బయటికి తీసి, ఒక గింజ పంటి కింద పెట్టింది. టక్కుమంది. ఇంకోటి పెట్టింది. అదీ టక్కుమంది. తర్వాత ఒక గింజ నా చేతిలో వేసి, “కొరుకు మేస్త్రీ,” అంది. కొరికాను. ఎండుగింజ పగిలిన చప్పుడు నా పళ్ళలోనే వినిపించింది. మిగిలిన పిడికిలితో ఆమె పెద్ద దగ్గరికి నడిచింది.

టేపు ఏ దిక్కుకు చుట్టాలో ఎవరికైనా పూటలో నేర్పొచ్చు. నేను ఆ ఇంట్లో నేర్చుకున్నది వేరే. చుక్క ఆగితే పని అయిపోయిందనుకుని సంచి సర్దుకోబోయాను. ఆమె పిలవకపోతే వెళ్ళిపోయేవాణ్ణి కూడా. ఇప్పుడు ఎక్కడికి పోయినా పానా తీయకముందే ఇంటివాళ్ళను ఒక మాట అడుగుతాను: ఈ గోడకు అవతల ఏముంది?