నీళ్ళడిగే పాట

అరవైల చివర్లో విజయనగరంలో, పద్యాలు లేని కొత్త సంగీత నాటకం వస్తోందని ఊరంతా చెప్పుకున్నారు. అందులో హార్మోనియం వాయించేది మా ఆయనే. "మధ్యలో లేవకు సుమా. వాయించేవాడి పెళ్ళామే లేస్తే ఊరు కూర్చుంటుందా?" అని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు.

కథానాయిక మంచినీళ్ళు కూడా పాడే అడిగింది. మాటతో పోయేదానికి రాగమెందుకని నా వాదన. జనం వెటకారంగా "వన్స్ మోర్!" అని అరిచారు. పద్యానికి వన్స్ మోర్ కొడితే మళ్ళీ పాడటం మనవాళ్ళ ఆనవాయితీ కదా, మా ఆయన అదీ మెప్పే అనుకుని పాట మళ్ళీ ఎత్తుకున్నారు. వాళ్ళు అరిచినప్పుడల్లా ఈయన వాయిస్తూనే ఉన్నారు.

వెనకావిడ నా భుజం తట్టింది. "ఆ పెట్టె వాయిస్తన్నది మీ ఆయనే కదేటమ్మా? ఆ పిల్లకి గొంతెండిపోతన్నాది. ఓపాలి ఆపమని సెప్పు!"

"నేను చెబితే వినే మనిషైతే నేనిక్కడెందుకుంటానమ్మా?" అన్నాను.

ఇక లేద్దామని కొంగు సర్దుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన తలెత్తి, వెలిగిపోతున్న ముఖంతో నాకేసి చూశారు. ఏం చెయ్యాలో తోచక చప్పట్లు కొట్టాను. అది చూసి ఆయన పాట మొదటినుంచీ అందుకున్నారు.