పెర్త్ వీధి మలుపులో నిమ్మకాయలు

ఆస్ట్రేలియాకు వచ్చి పెర్త్‌లో దిగిన మొదటి వారం నేను ఎవరినీ నమ్మలేదు. బస్సెక్కుతుంటే డ్రైవరు పలకరిస్తాడు. కుక్కను తిప్పుకుంటూ ఎదురొచ్చిన ఆడమనిషి నవ్వుతుంది. మా వనపర్తిలో ముఖపరిచయం లేని మనిషి నవ్విందంటే ప్లాటు అమ్మడానికో, ఓటు అడగడానికో అయి ఉంటుంది. ఇక్కడ వీళ్లకు నాతో ఏం పని?

ఇక్కడ కాపురముంటున్న చెల్లెలికి ఐదో నెల. అమ్మ పోయేనాటికి దానికి తొమ్మిదేళ్లు. అప్పటినుంచి తల దువ్వింది, బడికి పంపింది, పెళ్లి చేసింది నేనే. అందుకే నేను పాఠాలు చెప్పే బడికి వేసవి సెలవులు ఇవ్వగానే విమానమెక్కాను. కడుపులో బిడ్డకు ఏ కీడూ తగలకుండా చూడటమే నా పని అనుకున్నాను.

అది నన్ను ఊరంతా తిప్పింది. పడవలో నది దాటాం. గుట్ట మీది తోటలోంచి ఊరిని చూశాం. అంత మంచి ఎండలో వీధుల్లో మనుషులే కనబడకపోతే, "అందరు ఏడికి పోయిండ్రే?" అని అడిగాను. "ఇండ్లల్ల ఉన్నరక్కా" అంది. నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఒకరోజు సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లింది. సముద్రం అంతకుముందు నేను చూడలేదు. నీళ్లంటే నాకు తెలిసింది కొల్లాపూర్ దగ్గరి కృష్ణే. అందులోనూ కట్టెతో లోతు చూసుకునే దిగుతాం. ఈ నీళ్లు బట్టలకు పెట్టే నీలిమందు కలిపినట్టు ఉన్నాయి. అంత అందంగా కనబడితే నాకు భయమే వేసింది.

"జర కాళ్లు తడుపుకుంటనక్కా."

"వద్దు. అల నీకు చెప్పొస్తదా?"

చెయ్యి పట్టుకుని ఇసుకలోనే కూర్చోబెట్టాను.

తిరిగి వస్తుంటే వాళ్లింటి దగ్గర, రెండు వీధులు కలిసి నాలుగు దారులయ్యే మూలన ఒక అట్టపెట్టె ఉంది. నిండా నిమ్మకాయలు, వాటి మీద ఎర్రటి మిరపకాయలు. ఆ రోజు అమావాస్య. పొద్దునే ఫోన్లో చూసుకున్నాను. దిష్టి తీసినవి నాలుగు దారుల దగ్గర పడేస్తారనీ, ముట్టుకున్నవాళ్లకు ఆ దిష్టి చుట్టుకుంటుందనీ మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. చెల్లెలు వంగి కాయ తీయబోయింది. చేతి మీద ఒక్కటేశాను.

"పక్కింటామె పెట్టిందక్కా. చెట్లకు ఎక్కువ కాస్తే గిట్లనే పెడ్తది. కావాల్సినోళ్లు తీస్కపోతరు."

"ఉట్టిగ ఎవ్వరిస్తరే? నాలుగు తొవ్వల కాడ, అమాస నాడు, నీ ఇంటి ముంగటనే ఎందుకు పెట్టింది?"

నేను సైన్సు టీచర్ని. మూఢనమ్మకాల పాఠం ఏటా నేనే చెప్తాను, పిల్లల్ని నవ్విస్తాను కూడా. ఆ పాఠం ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఎండుకొమ్మ ఒకటి ఏరుకొచ్చి, చెయ్యి తగలకుండా పెట్టెను నెట్టుకుంటూ పోయి పొదల్లోకి దొర్లించాను. కాయలన్నీ చెల్లాచెదురయ్యాయి. తలెత్తితే, అరవై దాటిన ఒక తెల్లామె పక్కింటి వాకిట్లో నిలబడి చూస్తోంది. ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

"చూసినవా, దొరికిపోయింది" అన్నాను.

చెల్లెలు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"అక్కా, నాకిది రెండో కడుపు. పోయినేడు మూడో నెలల పోయింది. మా ఆయన గనికాడ డ్యూటీల ఉండె. ఆ పక్కింటామెనే నన్ను కారుల దవాఖానకు తీస్కపోయింది. రెండు దినాలు నా పక్కపొంటి కూసుంది."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఏం చెప్పాలె? ఏం తిన్నవు, ఏం తొక్కినవు, ఎవల కండ్ల పడ్డవు అంటవు. నా పానం ఎట్లుందని ఆఖరికి అడుగుతవు."

నాకు సిగ్గేసింది, ఎందుకంటే అది నిజం. ఆ క్షణంలో కూడా నా నాలుక చివరన ఉన్న ప్రశ్న అదే: ఆ దినం ఏం తొక్కినవు? పళ్లు బిగబట్టి దాన్ని ఆపాను. ఆపాక అడగడానికి ఇంకో మాట దొరకలేదు. కింద కూర్చుని, నేను పెంచిన పిల్ల కాళ్లకున్న చెప్పులు విప్పాను.