అత్తగారి ఈల

"...ఈల వేసి పిలవడానికి నేనేమన్నా కుక్కపిల్లనా?" అంటోంది లోపల్నించి ఒక మగ గొంతు.

"కుక్కపిల్లలకైతే ఊరంతటికీ ఒకటే ఈల. ఇది మీ ఒక్కరిదే," అంది ఆడ గొంతు.

కోడలు ఆ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలో విన్న మాటలివి. అప్పటికింకా ఆమె కోడలు కాలేదు, పెళ్ళి చేసుకోబోయేవాడి వెనక బెరుగ్గా నిలబడ్డ పళ్ళ డాక్టరు. మా అమ్మ ఎవర్నీ పేరు పెట్టి పిలవదు, ఈల వేస్తుంది అని అతను చెప్పాడు, మా అమ్మ కాఫీ తాగదు అన్నంత మామూలుగా.

అత్తగారిది డాల్ఫిన్లను పరిశీలించే ఉద్యోగం. పడవలో వెళ్ళి, నీళ్ళలోకి మైకు దించి, అవి ఏం మాట్లాడుకుంటున్నాయో వింటుంది. ప్రతి డాల్ఫిన్‌కూ తనదైన ఈల ఒకటి ఉంటుందట. మందలోంచి తప్పిపోతే దాంతోనే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయట. అంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. ఆవిడ ఆ పద్ధతిని ఒడ్డుమీదికి తెచ్చుకోవడంతోనే వచ్చింది చిక్కంతా.

ఒకసారి బస్సెక్కి కూర్చుని, కింద అరటిపళ్ళు బేరమాడుతున్న మామగారి కోసం ఆయన ఈల వేసింది. అది కండక్టరు ఈల అనుకుని డ్రైవరు బస్సు పోనిచ్చాడు. మామగారు పళ్ళతో సహా వెనకాల పరిగెత్తారు. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, ఈల వినగానే వచ్చుంటే ఈ తిప్పలుండేవి కావు కదా అని ఆయన్నే తప్పుపట్టింది.

మామగారూ తక్కువవారు కాదు. ఆవిడ సముద్రం కబుర్లు మొదలుపెడితే ఆయనకు కునుకు పట్టేది. నిద్రపోతున్నారా అని నిలదీస్తే, సగం మెదడే నిద్రపోతోంది, మిగతా సగం వింటోంది, డాల్ఫిన్లు పడుకునేది ఇలాగేనని నువ్వే చెప్పావుగా అనేవారు. అలాగైతే ఒక కన్ను తెరిచి ఉండాలి అనేది ఆవిడ. ఆయన ఒక కన్ను తెరిచి మళ్ళీ గుర్రుపెట్టేవారు.

కోడలికి మాత్రం ఆవిడ ఈల ఇవ్వలేదు. డాల్ఫిన్‌కి పేరు ఎవరూ పెట్టరు, అదే తయారుచేసుకుంటుంది, నీది నువ్వే చేసుకో అంది. పాపం ఆ పిల్లకి ఈల వెయ్యడమే రాదు. క్లినిక్ వెనక గదిలో తలుపేసుకుని సాధన చేసింది. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు ధైర్యం చేసి హాల్లో వేస్తే, కుక్కర్ దించండర్రా అని మామగారు కేకేశారు. అత్తగారు మాత్రం తలుపు దగ్గర కదలకుండా నిలబడి విని, దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి వేసింది. పుట్టింట్లో అయిదుగురు పిల్లల మధ్య, నోటికొచ్చిన ఇంకొకరి పేరుతో పిలిపించుకుంటూ పెరిగిన కోడలికి, తనను తనలాగే పిలిచిన మనిషి దొరికినట్టయింది.

తర్వాత పాప పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజునుంచీ ఈలలు ఆగిపోయాయి.

అత్తగారు మామగారిని భోజనానికి భుజం తట్టి పిలుస్తోంది. ఏదైనా చెప్పాలంటే చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోతోంది. కోడలు గదిలోకి వస్తే పాలగ్లాసు పెట్టి, నవ్వి, పిల్లిలా వెళ్ళిపోతోంది. ఆసుపత్రిలో నొప్పుల విసుగుతో తను, "అత్తయ్యా, కాసేపు ఆ ఈల ఆపండి," అన్న మాట కోడలికి ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. అవతల క్లినిక్ నుంచి పెద్ద డాక్టరు ఫోను. వచ్చే వారానికల్లా వస్తావా, నీ కుర్చీలో ఇంకొకర్ని పెట్టుకోనా అని. పాపను చూడమని అడగాల్సింది అత్తగారినే. కోపమొచ్చిన మనిషిని ఏ మొహం పెట్టుకుని అడగడం? మానేస్తే ఇన్నేళ్ళ చదువూ ఏమైనట్టు?

చివరికి పాపను ఎత్తుకుని వరండాలోకి వెళ్ళింది. "అత్తయ్యా, ఆ రోజన్న మాటకి నన్ను క్షమించండి. మళ్ళీ ఈల వెయ్యండి."

"ఏ మాట?" అంది అత్తగారు గుసగుసగా.

ఆవిడకసలు గుర్తే లేదు. విషయం వేరు. బిడ్డ పుట్టిన కొత్తలో తల్లి డాల్ఫిన్ తన ఈల మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉంటుందట, బిడ్డకు పట్టుబడేదాకా. చుట్టూ ఉన్నవి ఆ రోజుల్లో తమ ఈలలు తగ్గించుకుంటాయని ఆవిడ నమ్మకం.

"పాపకి మొదట నీ గొంతు తెలియాలి కదమ్మాయ్. నా గొంతు సంగతి తెలిసిందేగా, బస్సులే కదిలిపోతాయి."

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. పక్కనే కూర్చున్న మామగారు, ఇల్లు మరీ చెవులు మూసుకుపోయినట్టుంది, ఆ తెలియడమేదో తొందరగా కానివ్వండర్రా అని బతిమాలారు.

కోడలు అప్పుడు పెద్ద డాక్టరు ఫోను సంగతి చెప్పింది. అత్తగారు ఆశ్చర్యపోలేదు. ఈ సీజను పడవ పని తన కింద పనిచేసే అమ్మాయికి అప్పుడే అప్పగించేశానంది.

"తల్లి మేతకి వెళ్తే ఇంకో ఆడ డాల్ఫిన్ పిల్ల దగ్గర ఉంటుంది."

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదేం అత్తయ్యా?"

"అడక్కుండా పిల్లను పట్టుకుపోయేవీ ఉన్నాయి వాటిలో. వాటికి మంచి పేరు లేదు. నువ్వు అడుగుతావని చూస్తున్నా."

కోడలు పాపను ఆవిడ చేతుల్లో పెట్టింది. లోపలికెళ్ళి ఫోను తీసింది.

"సోమవారం నుంచి వస్తున్నాను డాక్టరుగారూ. పాప మా అత్తయ్య దగ్గర ఉంటుంది."